చాకు మూసేటప్పటి ముఖం

మామిడి సొన చేతులకు అంటితే సబ్బుకు లొంగదు. కొబ్బరినూనె రాసి, పాతగుడ్డతో తుడిచి, మళ్లీ రాయాలి. ఈ సాయంత్రం నా చేతులకు ఆ సొన వాసనతో పాటు స్పిరిట్ వాసన కూడా పట్టుకుని ఉంది. రెండూ కలిసి ముక్కుకు తగిలినప్పుడల్లా పొద్దున జరిగింది కళ్ల ముందుకు వస్తున్నది. పొద్దున నేను కనకవ్వను తిట్టాను. తెగిన చేతిని కొంగుతో అదిమి పట్టుకుని నిలబడ్డ మనిషిని, ఆమె దగ్గరే పని నేర్చుకున్న ఆడవాళ్ల ముందు, పని రాదని తిట్టాను. తప్పు ఆమెది కాదు. ఆ సంగతి తిట్టేటప్పుడు నాకు తెలియదు అని రాసుకుంటే కొంత ఊరటగా ఉండేది. కానీ ఆమె ముందే చెప్పింది, నేను వినలేదు. కాబట్టి తెలియకపోవడం కూడా నా తప్పే.

హుజూరాబాద్ దాటాక రోడ్డు పక్కనే నా నర్సరీ. వానలు పట్టగానే మామిడి అంట్లు మొదలుపెడతాం. టెంక నుంచి మొలిచిన మొక్క తల తీసేసి, మంచి జాతి చెట్టు నుంచి తెచ్చిన పుల్లను రెండు వైపులా ఏటవాలుగా చెక్కి, మొక్కకు పెట్టిన చీలికలో దించి, పాలిథీన్ పట్టీ చుట్టాలి. చెక్కడం ఒక్క కోతలో అయిపోవాలి. కోసిన ముఖం సమంగా ఉంటేనే రెండూ ఒకదానికొకటి ఆనుకుంటాయి. బ్లేడు పక్కలకు ఊగితే కోత వంపు తిరుగుతుంది, ఆ సందులోకి నీరు దిగుతుంది, పుల్ల ఎండిపోతుంది. అందుకని మా దగ్గర పనిచేసే ఆడవాళ్లందరికీ మంచి మడత చాకులు, ఖరీదైనవే, తెప్పించి ఇచ్చాను. బ్లేడు పిడిలోకి మడిచే కీలు దగ్గర స్క్రూ ఉండే రకం. వదులైతే బిగించుకోవచ్చు. బిగించే చిన్న కీ మాత్రం నా చొక్కా జేబులోనే ఉండేది.

మొన్నామధ్య కట్టిన అంట్లలో చాలా ఎండిపోయాయి. వాన మొహం చాటేసి ఎండ కాసిన రోజులవి, అదే కారణం కావచ్చు. ఎండను మనం ఏమీ అనలేం కనుక నేను చాకులను అనుమానించాను. నిద్ర సరిగా లేదు, మోకాళ్లు నొప్పులు, పైగా మొక్కల కోసం వచ్చే రైతులకు సమాధానం చెప్పీ చెప్పీ విసిగిపోయి ఉన్నాను. పొద్దున ఎవరూ రాకముందే చాకులన్నీ గోనెసంచి మీద పరిచి, ఒక్కొక్కదాని మొన పట్టి ఊపి చూశాను. కొద్దిగా కదిలినట్టు అనిపించిన ప్రతి స్క్రూనూ ఇక తిరగనంతగా బిగించాను. తెరిచిన చాకు ఒకే ఇనుపముక్కలా చేతిలో నిలబడితే నాకు తృప్తి. ఆ తృప్తితోనే అందరికీ పంచాను.

కాసేపటికి కనకవ్వ వచ్చి, "సారూ, చాకు మస్తు బిగుసుకున్నది. తెరుస్తాంటె గోరు లేస్తాంది" అన్నది.

"గట్లనే ఉంటది. ఊగుతె పుల్ల సక్కగ తెగది. రెండు రోజులైతె అదే అలవాటైతది" అన్నాను. ఫోన్ చూసుకుంటూ అన్నాను. ఆమె ముఖం వైపు చూడలేదు.

సొన అంటి జారే వేళ్లతో ప్రతిసారీ చాకు తెరవలేక, మూయలేక, ఆమె దాన్ని తెరిచే ఉంచి ఒళ్లో పెట్టుకుని పని చేసుకుంది. పక్కనున్న పుల్లల కట్ట కోసం వంగినప్పుడు ఎడమ అరచేతి అంచు బ్లేడు మీద పడింది. రక్తం చూసి నాకు భయమేసింది. భయం నా నోటికి వచ్చేసరికి కోపమైంది.

"ఒళ్లె చాకు తెరిచి పెట్టుకోని కూసుంటరా ఎవలన్న? ఇన్నేండ్ల సంది చేస్తున్నవు, చాకు మూసుడు రాదా? పని రాకపోతె నువ్వేం నేర్పుతవు వీళ్లకు?"

ఆమె తెగిన చేతికన్నా నా వైపే ఎక్కువసేపు చూసింది. స్పిరిట్ పోసి కడిగి, గుడ్డ కట్టి, రాధ అనే అమ్మాయిని తోడిచ్చి ట్రాలీ ఆటోలో దవాఖానకు పంపాను. వాళ్లు వెళ్లాక చాకు కడిగి, మూద్దామని చూశాను. ఒక చేత్తో కదల్లేదు. రెండు చేతులతో నొక్కినా కదల్లేదు. చివరికి తొడకు ఆనించి బలమంతా పెడితే గానీ మూసుకోలేదు. మూసుకున్న ఆ క్షణాన నాకు ఒక సంగతి తెలిసింది: నా నాలుక కొస పళ్ల మధ్య నుంచి బయటికి వచ్చి ఉంది. నాకు పని నేర్పిన తాయి గుర్తొచ్చింది. అక్కడే మట్టి కుప్ప మీద కూర్చున్నాను.

ఆమె పేరు విమల. ఆదిలాబాద్‌లో అందరూ విమలాతాయి అనేవాళ్లు, తోటలో ఉత్త తాయి, అంటే మరాఠీలో అక్క. వాళ్లింట్లో మాట్లాడేది మరాఠీ, తోటలో తెలుగు, కోపం వస్తే రెండూ. సంత్ర, అంటే కమలాపండు, అంట్లు కట్టే పెద్ద నర్సరీ ఆమెది. ఆమె భర్త పత్తి వ్యాపారం మీద ఎక్కువగా భైంసాలోనే ఉండేవాడు, ఆదివారాలు వచ్చి వరండాలో పేపరు చదువుకునేవాడు. మా బాపు మరమగ్గం మీద పనిచేసేవాడు. ఆ మోతలో పుట్టి పెరిగిన నేను ఆ మోత లేని పని ఏదైనా చాలనుకుని వ్యవసాయం డిప్లొమా చేశాను. ఆదిలాబాద్‌లో సూపర్‌వైజరు కావాలంటున్నారని తెలిసి బస్సెక్కాను. తాయి అప్పటికి యాభై దాటిన మనిషి. పొడగరి. కళ్లద్దాలకు దారం, నడుముకు ఇంకో దారం. నడుము దారానికి ఎప్పుడూ ఒక మడత చాకు వేలాడుతుండేది.

నా సర్టిఫికెట్లు శ్రద్ధగానే చూసింది. "మార్కులు జర తక్కువున్నయి" అని నవ్వింది. తరువాత నడుముకున్న చాకు విప్పి నా చేతిలో పెట్టి, "తెరువు" అన్నది. నేను హుషారుగా, మంచి చప్పుడు వచ్చేట్టు తెరిచాను. ఏదో పరీక్ష నెగ్గినట్టు నిలబడ్డాను.

"ఇగ మూయి."

దాని స్ప్రింగు గట్టిది. వేలు తెగుతుందేమోనన్న భయం ఒకటి. ఎట్లాగో మూశాను. తాయి చాకు వైపు చూడనే లేదు, నా ముఖం వైపు చూస్తున్నది.

"నాలుక బయటికొచ్చింది" అన్నది.

"ఏంది తాయీ?"

"నీ నాలుక. మూస్తుంటె బయటికొచ్చింది. గీ చాకు నీది కాదు. ఇంకోటిస్త ఆగు."

పేపరు వెనక నుంచి ఆమె భర్త గొంతు వినిపించింది. "పిల్లగా, మొదటిరోజే తప్పించుకున్నవు. నాకు పెండ్లినాడే ఇచ్చింది చాకు. గప్పటి సంది నా నాలుక లోపట్నే ఉన్నది."

ఆమె ముచ్చటలన్నిట్లోకీ పెద్దది చాకుల ముచ్చట. బంగారం కొనిస్తానంటే చాకు అడిగిందని భర్త వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. బీరువాలో ఒక సొరుగు నిండా చాకులే. నగల దుకాణంవాళ్లు పెట్టె అడుగున పరిచే ఎర్ర మఖ్మల్ గుడ్డ తెచ్చి ఆ సొరుగులో పరిచింది. దేశం కొసల నుంచి, దేశం బయటి నుంచి వచ్చినవి. నాగపూర్ నుంచి ఒక వ్యాపారి తాయికి పనికొచ్చేవి ఏరి పెట్టెలో సర్దుకుని సీజనుకు ఒకసారి వచ్చేవాడు. ఆ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక వరండాలో మంచం మీద దుప్పటి పరిచి, కొత్తవీ పాతవీ పక్కపక్కన పెట్టి చూడటం మాకు పండగలాంటిది. పదును సంగతి ఆమె మాట్లాడేది కాదు. పదును మనం పెట్టుకునేదే కదా అనేది. ఆమె చూపంతా కీలు మీదే.

ఆమె దగ్గర కీళ్లు మూడు జాతులు. మొదటిది రివెట్ కొట్టినది. పిడికి ఒక వైపు నుంచి ఇంకో వైపుకు ఇత్తడి కమ్మీ దూర్చి, రెండు కొసలూ సుత్తితో కొట్టి అణచేస్తారు. ఒకసారి కొడితే అంతే, ఏళ్లు గడిస్తే గానీ వదులు కాదు. వదులైనప్పుడు తాయి తనే కొట్టుకునేది. కొట్టేముందు బ్లేడుకూ పిడికీ మధ్య కాగితం ముక్క ఒకటి దూర్చేది, ఎక్కువ బిగుసుకుపోకుండా. కొట్టాక నూనె చుక్క వేసి ఆ కాగితాన్ని లాగేస్తే, కాగితమంత సందు మిగిలేది. "గీ సందు లేకపోతె చాకు కాదు, మేకు" అనేది. రెండోది స్క్రూ రకం. బ్లేడుకు అటూ ఇటూ పలుచని కంచు వాషర్లు, మధ్యలో స్క్రూ. ఎవరికి కావలసినంత వాళ్లు బిగించుకోవచ్చు, వదులు చేసుకోవచ్చు. నాకు అదే నచ్చేది. తాయి మాత్రం దాన్ని అనుమానంగా చూసేది. "స్క్రూ ఉన్న చాకు ఉన్నోని చెయ్యి ఊకుండది రాజేశం. బిగియ్యబుద్ధైతది, బిగిస్తనే ఉంటడు" అన్నది ఒకసారి. అది నా గురించే అన్నదని అప్పుడు నాకు తోచలేదు.

మూడో జాతి నాగపూర్ వ్యాపారి ఒక చలికాలం తెచ్చాడు. కీలు లోపల సైకిల్ చక్రంలో ఉన్నట్టే ఉక్కు గుండ్లు, కానీ ఆవగింజలంత. వేలితో ఇట్లా అంటే చాలు, బ్లేడు ఊపిరి వదిలినంత తేలికగా తెరుచుకునేది. వ్యాపారి దాన్ని నాలుగైదుసార్లు ఆడించాడు. ధర వినగానే నాకు దగ్గు వచ్చింది.

"కొను కొను" అన్నాడు తాయి భర్త. "తెరిస్తె చప్పుడు లేదు, మూస్తె చప్పుడు లేదు. మా ఇంట్ల గిట్లాంటిది ఒక్కటన్న ఉండాలె."

"నోరు మూసుకోని పేపరు సదువు" అని తాయి దాన్ని కొన్నది. ఆమె కొనదని నేను పందెం కాసి ఉన్నాను. ఎందుకు కొన్నారని అడిగితే, "మంచిగున్నది, కొన్న. అన్నిటికి కారణముంటదా?" అన్నది. పదిహేను రోజులు అదే నడుముకు కట్టుకుని తిరిగింది. ఆదిలాబాద్ నల్లరేగడి దుమ్ము పిండిలా మెత్తగా ఉంటుంది. ఆ దుమ్ము గుండ్లలోకి దిగి చాకు కరకరమనడం మొదలుపెట్టింది. విప్పి కడిగితే రెండు రోజులు బాగుండేది, మళ్లీ కరకర. తాయి దాన్ని ఎర్ర మఖ్మల్ మీద పడుకోబెట్టి, "గింత పైసలు పెట్టి పెండ్లికార్డులు కోసే చాకు కొన్న" అని తనను చూసి తనే నవ్వుకుంది. తప్పు కొనుగోలని ఒప్పుకోవడానికి ఆమెకు అరక్షణం కూడా పట్టలేదు. నాకు ఇప్పటికీ పొద్దు గుంకేదాకా పడుతుంది.

ఆమె పరీక్ష మాత్రం ఒకటే. కొత్త చాకు వచ్చిందంటే ఇంటికి వచ్చిన వాళ్లందరి చేతుల్లోనూ పెట్టేది. పాలవాడు, కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చినవాడు, చుట్టపుచూపుగా వచ్చిన కొత్త పెళ్లికూతురు, ఎవరైనా సరే. "తెరిచి మూయి" అని చెప్పి వాళ్ల ముఖం చూస్తూ కూర్చునేది. నేను పక్కనే నిలబడి బ్లేడు వెలుతురుకు పట్టి పిడి మధ్యకు వస్తున్నదా లేదా చూసేవాణ్ని, మొన పట్టి ఊపేవాణ్ని, ఎంత ఊగిందో చెప్పేవాణ్ని. "కాయ్ రే, చాకునేం చూస్తవు" అని మరాఠీ కలిపి విసుక్కునేది. "పట్టుకున్నోని మొకం చూడు. కనుబొమ్మలు దగ్గరికొచ్చినయా, పెదవి కొరికిండా, నాలుక తీసిండా. గంత బాధపడి మూసేది మనిషి మూయడు. తెరిచే పెట్టుకుంటడు. తెరిచిన చాకు ఎవన్నో ఒకన్ని కోస్తది." ఎంతో మామూలుగా, తమలపాకుకు సున్నం రాస్తూ అన్న మాట అది. ఆ మాటను నేను చాలామందికి చెప్పాను. చాకులు కొనేటప్పుడు చెప్పాను, కుర్రవాళ్లకు చెప్పాను. చెప్పడం వేరు, ఈ పొద్దున కనకవ్వ నా ముందు నిలబడ్డప్పుడు తల ఎత్తడం వేరు.

తోటలో గణపత్ అని ఒక పాత పనివాడు ఉండేవాడు. ఎప్పుడో ఎద్దు బండి కింద పడి కుడి బొటనవేలు వంకర పోయింది. అతని చాకు వదులుగా ఊగులాడుతుండేది. బిగించి ఇస్తానని నేను వెంటపడితే, "సారూ, నా పండ్లు గూడ ఊగుతున్నయి, అవి గిట్ల బిగిస్తరా?" అని నవ్వించేవాడు కానీ చాకు ఇచ్చేవాడు కాదు. సంత్రకు పుల్ల కాదు, ఒక్క మొగ్గ చెక్కి మొక్క బెరడులో అంటుపెడతారు. ఒక సీజనులో అతను పెట్టిన మొగ్గలు వరసగా ఎండిపోయాయి. తాయి వరస చివర నిలబడి అతన్ని అందరి ముందూ కడిగేసింది. తెలుగు సరిపోక మరాఠీ అందుకుంది. చాకు పట్టడం మరిచిపోయావన్నది, ఇంట్లో కూర్చొమ్మన్నది. గణపత్ తలవంచుకుని నిలబడ్డాడు. రెండు రోజుల తరువాత అసలు సంగతి బయటపడింది. మొగ్గల కోసం కోసి తెచ్చిన కొమ్మలను తాయే తన జీపులో పెట్టి, మధ్యలో తెలిసినవాళ్లింట్లో పలకరింపుకు దిగి, ఎండలో వదిలేసింది. తోటకు చేరేసరికే అవి వాడిపోయి ఉన్నాయి.

ఆ పొద్దున ఆమె అందరినీ అదే వరస చివరికి పిలిపించింది. "మొగ్గలు ఎండింది నా జీపుల. గణపత్ చేతిల కాదు" అన్నది. గొంతు మామూలుగానే ఉంది.

గణపత్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "తాయీ, గింత మెల్లగ అంటె ఎట్ల? మొన్నటిది తోట అవతల గూడ వినబడ్డది" అన్నాడు.

అందరం బిగుసుకుపోయాం. తాయి అతని వైపు ఒక్క నిమిషం చూసింది. ఊపిరి పీల్చి, రెండు రోజుల కింద తిట్టినంత గట్టిగా, అంతే గొంతుతో, "మొగ్గలు ఎండింది నా జీపుల. గణపత్ చేతిల కాదు" అని అరిచింది. అవతలి చేనులో పత్తి ఏరేవాళ్లు తలెత్తి చూశారు. "బస్? ఇనబడ్డదా?" అన్నది. "ఇనబడ్డది" అన్నాడు గణపత్, గోనెపట్టా పరుచుకుని కూర్చున్నాడు. క్షమించమన్న మాట ఆమె నోట నేను ఎప్పుడూ వినలేదు. ఆ రోజు ఆ మాట అవసరం ఉందని కూడా అనిపించలేదు.

నేను సొంత నర్సరీ పెట్టుకుని ఇటు వచ్చేశాక రాకపోకలు తగ్గాయి. పనులని చెప్పుకున్నాను. నిజానికి బద్ధకం. చివరిసారి వెళ్లినప్పుడు తాయి తోటను కౌలుకు ఇచ్చేసి ఊళ్లో ఇంట్లోనే ఉంటున్నది. కీళ్లవాతంతో వేళ్లు కణుపు కణుపుకూ ఉబ్బి ఉన్నాయి. లేచి, బీరువా సొరుగు తెరిచి, నాకోసం సంత్ర కోయడానికి చాకు తీసింది. ఏది తీసిందా అని చూస్తే గుండ్ల చాకు. పెళ్లికార్డుల చాకు. ఉబ్బిన వేలు ఊరికే అలా తగిలించింది, అది మునుపటిలాగే చప్పుడు లేకుండా తెరుచుకుంది. సంత్ర కోసింది. అదే వేలితో మూసింది. నేను ఆమె ముఖం చూశాను. కనుబొమ్మ కూడా కదల్లేదు.

"ఆఖరికి గీ లుచ్చాదే పనికొచ్చింది" అన్నది. "మిగతవి ఒక్కటి గూడ తెరుచుకుంటలేవు నాకు. అప్పుడు దీన్ని ఊకెనే తిట్టిన. తప్పు చాకుది కాదు రాజేశం, అప్పుడు నా చేతికి బలమున్నది."

నేను వచ్చేటప్పుడు, తను నడుముకు కట్టుకు తిరిగిన పాత రివెట్ చాకు నా చేతిలో పెట్టింది. మొదటి రోజు నేను నాలుక బయటపెట్టి మూసినది. తెరిచి మూశాను. ఇన్నేళ్ల వాడకంతో స్ప్రింగు మెత్తబడిందో, నా చెయ్యి గట్టిపడిందో, తేలికగా మూసుకుంది. తాయి నా ముఖమే చూస్తున్నది. "ఇప్పుడు నీది" అన్నది. మరుసటి ఏడు ఆమె పోయింది. నాకు తెలిసేసరికి అంతా అయిపోయింది.

మట్టి కుప్ప మీద కూర్చుని ఇదంతా తలుచుకుంటుండగా మధ్యాహ్నం దాటింది. మబ్బు కమ్మింది. ఆటో గేటు దగ్గర ఆగింది. రాధ ఒక్కతే లోపలికి వచ్చింది.

"కుట్లు పడ్డయి సారూ. కనకక్క గేటు కాడున్నది. అన్నం గిన్నె, వానకు తెచ్చుకున్న ఛత్రి తెమ్మన్నది. రేపటి సంది రాదట."

"చెయ్యి మానేదాక రావద్దనే చెప్త. కూలి ఆపను."

రాధ నేల చూపులు చూస్తూ, "చెయ్యి కోసం కాదు సారూ" అన్నది.

నేను గేటు దగ్గరికి వెళ్లాను. కనకవ్వ కట్టు కట్టిన చేతిని ఛాతీకి ఆనించుకుని గోడ పక్కన నిలబడి ఉంది.

"కనకవ్వా, చాకు బిగించింది నేనే. నువ్వు చెప్పినవు, నేన్ వినలే."

"ఎరుకే సారూ."

"మానేదాక నీ కూలి ఎటు పోదు."

"అది ఇయ్యకపోతె అడుగుదును" అన్నది మెల్లగా. "నలుగుర్ల పోయిన మాటనెట్ల అడుగుదును? రాధకు చాకు పట్టుడు నేర్పిందే నేను. గిప్పుడది నన్ను పట్టుకోని దవాఖానకు తీస్కపోయింది. తొవ్వ పొడుగున ఒక్క ముచ్చట చెప్పలే. పొద్దుందాక నోరు మూయనిది. ఏం చెప్తది పాపం?"

జర లోపలికి రమ్మన్నాను. రానంటుందనుకున్నాను. చినుకులు మొదలయ్యాయి, అందుకైనా వచ్చింది. మొక్కల నీడకు కట్టిన షేడ్‌నెట్ కింద ఆడవాళ్లు పుల్లలు చెక్కుతూనే ఉన్నారు. పొద్దున ఎక్కడ నిలబడి తిట్టానో అక్కడికే వెళ్లి నిలబడ్డాను. చాకు నేనే బిగించానని, కనకవ్వ తప్పు లేదని చెప్పాను.

చివరి వరసలో కూర్చున్న పోశవ్వ, అందరికన్నా పెద్దది, తలెత్తింది. "ఏమంటున్నరు సారూ? వాన సప్పుడుకు ఇనబడ్తలేదు."

వాన ఇంకా అంత పెద్దది కాలేదు. ఆమెకు నిజంగానే వినబడలేదో, కావాలనే అడిగిందో నాకు తెలియదు. పొద్దున నా గొంతు రోడ్డు మీదికి వినబడి ఉంటుందని మాత్రం తెలుసు. ఊపిరి నిండా తీసుకున్నాను.

"చాకుల కీళ్లు నేను బిగించిన. మూస్తె మూసుకోకుంట బిగించిన. కనకవ్వ నాకు ముందే చెప్పింది. పని రానిది ఆమెకు కాదు, నాకు."

అరిచాను. పొద్దున తిట్టినంత గట్టిగా, చివరిదాకా అదే గొంతుతో చెప్పాను. పోశవ్వ తల ఊపి మళ్లీ పుల్ల అందుకుంది. రాధ మొదటిసారి కనకవ్వ వైపు చూసింది.

తరువాత చాకులన్నీ గోనెసంచి మీద పెట్టించి, జేబులోంచి కీ తీసి కనకవ్వకు ఇచ్చాను. ఒక చేత్తో ఆమెకు తిప్పడం కుదరలేదు. రాధ తిప్పింది, కనకవ్వ పక్కన కూర్చుని చెప్పింది. "ఇంకొంచెం వదులు. ఆగు. ఇగ సాలు." ఎవరి చాకు వాళ్ల చేతికే ఇచ్చి మూయించారు. ఒక్కొక్కరికి ఒక్కో తీరు. పోశవ్వ చాకు గణపత్ చాకులా ఊగింది, నా చెయ్యి దురద పుట్టింది, ఊరుకున్నాను. చివర కనకవ్వ తన చాకు కుడిచేత్తో తీసుకుని, బొటనవేలితో తెరిచి, అదే చేత్తో మూసింది. నేను చూస్తున్నాను.

"నా మొకమేంది చూస్తున్నరు సారూ? చాకు చూడుండ్రి."

"మొకమే చూడాలె కనకవ్వా. మా తాయి గట్లనే చెప్పింది."

"ఎవలా తాయి?" అన్నది రాధ. చెప్పడం మొదలుపెట్టాను. నాలుక సంగతి దగ్గర పోశవ్వ నవ్వింది. కనకవ్వ నవ్వలేదు కానీ లేచి వెళ్లలేదు. సాయంత్రం ట్రాలీ ఆటో వచ్చినప్పుడు అందరితో పాటు ఎక్కింది. రేపటి సంగతి అడిగే ధైర్యం నాకు లేదు. ఆటో కదిలేటప్పుడు ఆమే అన్నది, "కుట్లు ఇప్పేదాక కోసుడు నాతోని కాదు. ఊకె కూసోని చూస్త. మీరు మళ్ల గిన బిగిస్తె చెప్పేటోళ్లుండాలె గదా."

తాయి ఇచ్చిన చాకు ఇప్పుడు నా ప్యాంటు జేబులో ఉంది. ఇన్నేళ్లూ అక్కడే ఉంది. ఇంటికి వచ్చే దారిలో నా చెయ్యి రెండు మూడుసార్లు దానంతటదే చొక్కా జేబులోకి పోయింది. కీ అక్కడ లేదు. షేడ్‌నెట్ గుంజకు, కనకవ్వ కుడిచేతికి అందే ఎత్తులో, జనపనార సుతిలి తాడుతో దాన్ని కట్టి వచ్చాను.